గజంబద్ద

మహంతి బాబుకి బొలంగీరు బదిలీ అయినప్పుడు
లారీలో మంచాలు పట్టాయి, ఫ్రిజ్ పట్టింది,
తులసి కుండీ కూడా పట్టింది.
కుక్కకి మాత్రం చోటు చాలలేదు.
"నెల్రోజులు చూడమ్మా" అని
గొలుసు నా చేతిలో పెట్టాడు.
ఆ నెలకి ఇప్పుడు మూడేళ్లు.

గొలుసు చివరనున్నది చూసి
గుణుపురంలో మా వీధి వీధంతా నవ్వింది.
కుక్కా, ముంగిసా?
ఇద్దరు దర్జీలు చెరో కొసా కుట్టుకొచ్చి
మధ్యలో గుడ్డ కత్తిరించడం మర్చిపోయారా?
కాగితాల్లో పేరు బ్రూనో.
వీధి పెట్టిన పేరు గజంబద్ద.
పిలవడానికి గజం చాలు.

కూర్చో అంటే నిలబడి చూస్తుంది.
"బొసొ" అంటే టక్కున కూర్చుంటుంది.
తిట్లు మాత్రం రెండు భాషల్లోనూ తెలుసు.

నా అలవాటు కొద్దీ టేపు పెట్టాను:
మెడ నుంచి తోక మొదలు దాకా పంతొమ్మిది,
నేల నుంచి వీపుకి ఎనిమిదిన్నర,
నడుము పద్దెనిమిది.
ఈ కొలతలతో ఎవరైనా జాకెట్టుకొస్తే
అడ్వాన్సు తిరిగిచ్చి పంపేద్దును.

పశువుల డాక్టరు సాహు చెప్పాడు:
ఇది జర్మనీ జాతి,
బొరియల్లో దూరి వేటాడ్డానికి పెంచారు.
తవ్వడానికి పొట్టి కాళ్లు,
కన్నంలో పట్టడానికి సన్నటి ఒళ్లు,
లోపల్నించి అరిస్తే పైవాళ్లకి వినపడేంత గొంతు.
నిజమే.
వంశధార గట్టున పందికొక్కులకి
ఇప్పుడు నిద్ర లేదు.
మా పక్కింటివాళ్లకీ లేదు.

ఎవరి వేట కోసమో సాగదీసిన వెన్ను,
నడుమ స్తంభం లేని వసారా దూలం.
"మెట్లెక్కనీకు. మంచం మీంచి దూకనీకు.
లావెక్కనీకు.
ఎత్తితే రెండు చేతులా ఎత్తు.
వెనక్కాళ్లు ఈడ్చిందా, ఇక ఆలోచించకు,
విశాఖ రైలెక్కెయ్.
ఆపరేషనంటే ఇంతవుతుంది"
అని టీకాల కార్డు వెనక రాసిచ్చాడు.
ఒడియా అంకె, మొదటిది నాకు చదవడం రాలేదు.
దాని వెనక నాలుగు సున్నాలూ
బాగానే చదవగలిగాను.

ఆ రోజు నుంచి
జాకెట్ల డబ్బు ఇంటికి,
చీరలకి ఫాల్స్ కుట్టిన డబ్బు బొత్తాల డబ్బాలోకి.
"ఏటే, కుక్కకి పింఛనా?" అన్నాడు మా ఆయన.
పెళ్లికని దాస్తే పెళ్లి రావాలని ఉంటుంది,
ఇంటికని దాస్తే ఇల్లు.
ఇది మాత్రం
నిండుతూనే ఉండాలి, మూత తియ్యకూడదు.

శ్రావణంలో ఓ రాత్రి
గజం పెడల్ దగ్గరికి రాలేదు.
వీపు విల్లులా వంచి
మూలన నిలబడి వణుకుతోంది.
ముట్టుకుంటే మూలిగింది.
డబ్బా బోర్లించి లెక్కపెట్టాను.
పదకొండు వేల ఆరువందల నలభై.
నా లెక్క తొమ్మిది వేలు దాటకూడదే!
కొన్ని పదినోట్లు వేరేగా మడతపెట్టి ఉన్నాయి,
ముక్కు దగ్గర పెడితే తవుడు వాసన.
మిల్లు నుంచి వచ్చి పడుకున్న మనిషి
గోడవైపు తిరిగి, నిద్ర నటిస్తున్నాడు.
నేనూ అడగలేదు.

తెల్లారి సాహు కాళ్లు గిల్లి చూశాడు,
వెనక్కి లాక్కుంది.
"ఇప్పటికి పరవాలేదు. నరం నలగలేదు.
మూడు వారాలు కదలనీకు."
మాత్రలకి ఆరువందల నలభై.
చిల్లర లెక్క సరిపోయింది.

మా ఆయన మిల్లు నుంచి పాత చెక్క మోసుకొచ్చి
మెట్ల మీద వాలుగా వేశాడు,
జారకుండా గోనెపట్టా కొట్టాడు.
మొన్న తంగుడు సుభద్రమ్మ
మోకాళ్లు పట్టుకుని మెట్ల దగ్గర ఆగి,
ఆ చెక్క మీంచే ఎక్కొచ్చి
కొలతలిచ్చి వెళ్లింది.
గజం పక్కకి తప్పుకుని దారిచ్చింది.

ఇవాళ నెలాఖరు.
జాకెట్ల కొలతల పుస్తకంలో దానికీ ఒక పేజీ.
నడుము పద్దెనిమిదిన్నర.
అరంగుళం!
రేపట్నుంచి పఖాళ సగమే అని
వేలెత్తి గట్టిగా చెప్పాను.
"బొసొ" అన్నాను.

కూర్చోలేదు.