ఏడు కొండల ఊళ్ళో ముసురు

మొదలైంది మూకుడు దగ్గర.
సింకులో మూడు రోజులుగా మాడి పడున్న ఆ మూకుడు ఎవరిదని
గురువారం రాత్రి కొట్టుకుంటుంటే
బెర్గెన్‌కి చవక టికెట్లున్నాయని బోగ్నా అరిచింది.
గొడవ అక్కడికక్కడే ఆగింది, మూకుడు అక్కడే ఉండిపోయింది.

తలా ఒక చిన్న సంచి, మించితే డబ్బు కట్టాలి.
అందుకని యోనస్
మూడు చొక్కాలు ఒకదానిమీద ఒకటి తొడుక్కొచ్చాడు.

గ్దాన్స్క్‌లో ఎక్కినప్పుడు ఎండ.
దిగేసరికి ముసురు.
జల్లు కాదు, కురిసి వెళ్ళిపోయే రకం కాదు,
పైన ఎవరో జల్లెడ పట్టుకుని
వేరే పనేం లేనట్టు కూర్చున్నారు.
నా ఎడమ బూటుకు చిల్లు.
రొట్టె వచ్చిన ప్లాస్టిక్ కవరు సాక్సుమీద తొడిగాను,
అడుగేస్తే చాలు, చిప్స్ తింటున్న చప్పుడు.

బస్సులో పక్కసీటు పెద్దావిడ
కిటికీలోంచి చూసి "ఇవాళ పెద్ద వాన లేదులే" అంది.
ఆవిడ ఒళ్ళో కుక్క
వానకోటు వేసుకుని ఉంది.

రేవు పక్కన చెక్క ఇళ్ళు,
ఎరుపు, ఆవపిండి రంగు, పాతబెల్లం రంగు,
ఒకదాని భుజమ్మీద ఒకటి వాలి
ఆఖరి ట్రామ్‌లో కునికే మాలాగే.
జర్మన్ ముసలాళ్ళ గుంపు వెనక చేరి
వాళ్ళు డబ్బిచ్చిన గైడు మాటలు ఊరికే విన్నాం.
బోగ్నా అర్థం చెప్పింది,
అర్థం కానిచోట కల్పించింది.
ఈ వీధి చాలాసార్లు తగలబడిందన్నది గైడు మాట.
ప్రతిసారీ ఒక పిల్లి వల్లేనన్నది బోగ్నా మాట.

చేపల బజారులో
ఒక్క పీత కాలు ఖరీదు, మాకు వారం కూరగాయలు.
లెన్కా వేళ్ళమీద లెక్కేసింది, మళ్ళీ వేసింది,
చేతులు జేబుల్లో పెట్టేసుకుంది.
రుచి చూడమని ముక్కలిస్తున్నాడు ఐవిండ్ అనే కుర్రాడు,
పుల్లకు గుచ్చిన పొగబెట్టిన సాల్మన్.
నాలుగు వైపుల నుంచీ నలుగురం వెళ్ళాం,
ఒకరినొకరం ఎరగనట్టు.
మూడోసారి యోనస్ టోపీ మార్చుకుని వెళ్ళాడు.
ఐవిండ్ పెద్ద ముక్క గుచ్చిచ్చి
"ఈ టోపీయే నీకు బాగుంది" అన్నాడు.

కొండెక్కే రైలు దండగని నడిచాం.
మలుపు, దాని తర్వాత మలుపు.
పసిబిడ్డ బండి తోసుకుంటూ ఒకావిడ
మమ్మల్ని దాటి పరుగెత్తిపోయింది,
ఆయాసం మాత్రం మాకు.

పైన
ఊరు లేదు.
సముద్రం లేదు, చదివొచ్చిన ఏడు కొండల్లో
మేం నిలబడ్డ ఈ ఒక్కటి తప్ప ఏదీ లేదు.
కమ్మీ అవతల ఉతికి ఆరేసిన దుప్పటి.
లెన్కా పోస్ట్‌కార్డు కొంది,
మొత్తం ప్రయాణంలో మేం కొన్న ఒకే ఒక్క వస్తువు.
చెయ్యి చాచి మంచుకెదురుగా పట్టుకుంది:
ఇదిగో రేవు, ఇదిగో చర్చి గోపురం,
ఇదిగో యోనస్ దొంగతనం చేసిన చోటు.
వంతులేసుకుని చూశాం.

"ఆ మూకుడు నాదే" అంది బోగ్నా, తెల్లదనంలోంచి.
ఎవరూ నవ్వకముందే
"వచ్చే నెల గది ఖాళీ చేస్తున్నా" అంది.
కాసేపు నా బూటే మాట్లాడింది.

ఆదివారం, విమానాశ్రయం బస్సు కోసం నిలబడితే
మబ్బు చిరిగి
పదకొండు నిమిషాలు ఎండ.
దుకాణాల్లోంచి మనుషులు బయటికొచ్చి
గోడలకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు,
చేతిలో కాఫీతో, సగం చుట్టిన క్షవరంతో ఒకతను.
మేమూ మూసుకున్నాం.
బస్సు వెళ్ళిపోయింది.
తర్వాతది అందింది, పరుగెత్తితే.

ఫ్రిజ్ మీద ఇప్పుడా కార్డు.
ఒక్క మబ్బులేని నీలం ఆకాశం, మెరిసే పైకప్పులు.
నిన్న యోనస్ పెన్సిల్ తీసుకుని
దానిమీద ఏటవాలుగా, ఓపిగ్గా
వాన గీశాడు.

సింకులో మూకుడు.
ఇంకా ఎవరూ తోమలేదు.