పదకొండేళ్ల వాక్యం

ఈ నెల ఎన్ని చదివావని
ఆఫీసు నుంచి ఫోన్ చేసి అడిగింది లలితాంబిక.
రెండు, అన్నాను.
ఒకటి మూడువందల పేజీలు. ఒకటి ఆరు.

మూడువందలది ఒక రచయిత్రి ఆత్మకథ.
మైలాపూరులో పాత పుస్తకాల కొట్టు,
పరీక్ష గైడ్ల కింద నలుగుతుంటే లాగాను,
అరవై రూపాయలు.
వెన్ను ఊడితే ఇళంగో ఫెవికాల్ పూశాడు.
ఆరు పేజీలది అట్టపుస్తకం, మూలలు గుండ్రం.
దాన్ని కయల్ ముందు నోటితో చదువుతుంది,
తర్వాత తిరగేసి
మళ్లీ నోటితో.

విల్లివాక్కంలో కరెంటు పోయిన మధ్యాహ్నం
నూటనలభైరెండో పేజీలో ఆగిపోయాను.
అప్పటిదాకా ఆవిడ అన్నీ చెప్పింది,
తిరిగొచ్చిన తొలి కథ కవరు మీది స్టాంపు రంగు,
అత్తగారి దగ్గు, మూత మరిచిన సిరాబుడ్డి,
చేతిరాతను మాత్రమే మెచ్చుకున్న మీసాల సంపాదకుడు.
ఆ పేజీ అడుగున ఒక్క వాక్యం:
"తర్వాత పదకొండేళ్లు పిల్లలు పెరిగారు."
తిప్పితే కొత్త అధ్యాయం. కొత్త పెన్ను.

అంతే.
మార్జిన్‌లో నాకంటే ముందు చదివినవాళ్లెవరో
పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టారు.
గట్టిగా కూడా కాదు,
ఎవరైనా నిద్ర లేస్తారేమో అన్నట్టు.

ఆ పదకొండేళ్లలో ఎక్కడో
నేనిప్పుడు కూర్చుని ఉన్నాను.
ఫ్యాను లేదు. మోకాలి మీద రాగిజావ.
ఒళ్లో తొమ్మిది కిలోల చెమట
అట్టపుస్తకాన్ని నా చేతిలో కుక్కుతోంది,
మూడో పేజీ, ఎప్పుడూ మూడో పేజీయే.

అక్కడ తమిళంలో మీన్ అని అచ్చేశారు.
నేను చేప అంటాను.
వాళ్ల నాన్న ఏరి పెట్టిన పేరూ చేపే,
వాళ్ల కవిత్వంలో కళ్లకి పోలిక చెప్పే చేప.
మేమంతా ఇన్ని పేర్లు పెట్టాక
అది చూపుడువేలితో పొడిచి
"బ్బా" అంది.
ముప్పైసార్లు.
ప్రతిసారీ అప్పుడే నీళ్లలోంచి తీసినట్టు.

ఆవిడా విని ఉంటుంది ఇలాంటిదేదో.
రాయలేదు.
దాచుకుందో, మరిచిపోయిందో, కోపమో,
నాకు తెలియదు.
తెలిసినట్టు ఇక్కడ రాయనూ లేను.

కరెంటొచ్చింది.
పక్కింటి మిక్సీ ఆగిన చోటు నుంచే అరిచింది.
చూస్తే నూటనలభైరెండో పేజీ మీద
నాలుగు వేళ్ల రాగిజావ,
సరిగ్గా ఆ ప్రశ్నార్థకం మీద.
తుడవబోయి కొంగు వదిలేశాను.

లలితాంబికకి మళ్లీ ఫోన్ చేసి చెప్పాలి,
ఆరు పేజీలది
ఇంకా పూర్తి కాలేదని.