కుడి నుంచి ఎడమకు

బల్లార్షా స్టేషన్ రోడ్డు మీద నా దుకాణం.
జిరాక్సు, లామినేషన్, పెళ్లిపత్రికలు.
పేపర్ మిల్లు వాసన రాకుండా
అద్దం తలుపు మూసుకొని కూర్చుంట. అయినా వస్తది.

ఆ తలుపు తోసుకొని తెహ్మీ ఆంటీ వచ్చింది.
చేతిసంచిల ప్లాస్టిక్ కవరు, కవరుల మడత కాయితం.
"మా ఫలీ రాసిండు. ఇత్తడి పలక మీదికి ఎక్కియ్యాలె.
దీపం గూటి కింద, ఇంత."
బొటనవేలు, చూపుడువేలు దూరం జరిపి చూపించింది.

గనిల ముప్పై ఏండ్లు బొగ్గులారీలు తూచిన మనిషి ఫలీ సాబ్.
రిటైరైనంక, తూచేటందుకు ఏమీ లేక,
తాతల నాటి అక్షరాలు దిద్దుడు మొదలుపెట్టిండట.
అవెస్తా లిపి. ఆ పేరు వినుడు నాకదే మొదలు.
"మీకు చదవస్తదా?"
"రాదు. నోటికొస్తది.
మా ఇంట్ల పుస్తకంల కూడా గుజరాతీ అక్షరాలే."

నవ్వొచ్చింది, నవ్వలే.
మా అమ్మ పాటల నోటుబుక్కు యాదికొచ్చింది.
తెలుగు పాటలు, మరాఠీ అక్షరాలు.
బొగ్గు పని వెతుక్కుంట నది దాటొచ్చిన ఇంటికి
ఇక్కడి బడి ఇచ్చింది అవే.
ఆ అక్షరాలల్ల పొట్టి ఎ లేదు, పొట్టి ఒ లేదు.
మెడ పోయి మేడ అయితది.
నన్ను ఒడిల పండుకోబెట్టి పాడిన పాట
కాయితం మీద
'ఓడి'ల పండుకుంటది.

నెట్టుల దొరికిన వరుస తెచ్చి అతికిచ్చిన.
తెర మీద డబ్బాలు. డబ్బా పక్కన డబ్బా,
సైడింగుల నిలబడ్డ ఖాళీ వ్యాగన్ల లెక్క.
ఆంటీ కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్ల పెట్టుకుంది.
"ఇవేనా?"
"కాదు ఆంటీ. అక్షరాలు లోపలనే ఉన్నయి.
ఈ మిషన్ల వాటికి ముఖాలు లేవు."

పక్క షాపు సంఘపాల్ పెన్‌డ్రైవుల ఫాంటు తెచ్చిండు,
పటం ఒకటి ప్రింటు తీసిచ్చిండు.
అక్షరానికొక ఇంటినంబరు.
లోకంలున్న రాతలన్నిటినీ ఒక్క ఊరి కింద లెక్కగట్టి
గల్లీలు గీసినోళ్లెవరో
ఈ లిపికి కూడా ఒక వాడ రాసిచ్చిన్రు, బాగా ఊరవతల.
రోజూ రాసెటోళ్లు ఎందరున్నరని అడిగిన్రో లేదో.
మంత్రం చదివే నోటికాడ చెవి పెట్టి
ఒక్క ఊపిరి జారిపోకుండ కట్టిన అక్షరాలట.
వేలు పెట్టి చూసుకుంట పోతే
ఎ. దాని పక్కన ఏ.
ఒ. దాని పక్కన ఓ.
పొట్టియి ఉన్నయి!
ఆ రెండు నంబర్లకు పెన్నుతోని సున్న చుట్టిన, ఎందుకో.

ఫాంటు ఎక్కింది. ముఖాలొచ్చినయి.
వంకీలు, తోకలు, గాలికి వాలిన వత్తుల లెక్క కొన్ని.
కాయితం పక్కన పెట్టి చూస్తె ఏదో తేడా.
ఫలీ సాబ్ రాతల సిరా అలుక్కపోయింది,
ఎడమ కొస ఒక్కటే శుభ్రంగున్నది.
కుడిచేయి, కుడి నుంచి ఎడమకు పోతూ,
తడారకముందే తన మాట మీద నుంచి తనే జారిన అరచేయి.
నా పాత సాఫ్ట్‌వేరుకు ఆ నడక తెల్వదు.
వాక్యమంతా వెనకాముందు చేసి నిలబెట్టింది.

ఒక్క మాట మాత్రం చెక్కుచెదరలే. మూడే అక్షరాలు,
రెండు కొసలకు ఒకటే, నడుమ ఇంకొకటి.
పటం చూసుకుంట కూడబలికిన. అ, ష, అ.
"అష," అన్నది ఆంటీ, నేను పూర్తి చెయ్యకముందే.
"సత్యం. సక్కటి తొవ్వ. మాకు రెండూ ఒకటే."
ఎటు నుంచి చదివినా అదే.

మొత్తం సరిచేసిస్త, రేపు రాండ్రి అన్న.
ఆమె తెరకు వేలానించింది. దుమ్ముల వేలిముద్ర పడ్డది.
"ఇది చాలు. మిగిలింది నా నోట్లె ఉన్నది."

ఎనబై రూపాయలు తీసుకున్న. తీసుకోకపోతే ఊరుకోదు.

పొద్దుగూకినంక ఇత్తడి చెక్కే దిలావర్ భాయ్ ఫోను.
"దీంట్ల పైకి ఏది, కిందికి ఏది?"
"తోకలు కిందికి" అన్న, నమ్మకంగనే.

షట్టరు దించి ఇంటికొచ్చి నోటుబుక్కు తీసిన.
అమ్మ రాసిన ఓ పక్కన
పెన్సిలుతోని తెలుగు ఒ రాయబోయిన.
రోజూ కొట్టే అక్షరమే.
వంకరొచ్చింది. చెరిపి మళ్ల రాసిన.
నాకు కీబోర్డు మీదనే వస్తది అది,
చేతికి రాదు.