ఆ ఏడాది ఫొటో లేదు

జనవరిలో ఈ తీరాన అలలు పూస్తాయి.
చలి ముదిరి, గాలి వాయవ్యం నుంచి తిరగబడిన పొద్దున
నల్లరాళ్ల నడుమ సముద్రం చిలికిన మజ్జిగవుతుంది.
నురగ ముద్దలు ముద్దలుగా లేచి
రోడ్డు దాటి, బస్టాపు దాటి,
ఫుసా అవ్వ చూరు కింద వేలాడదీసిన ముల్లంగుల మీద వాలుతుంది.
అలపూలంటారు ఇక్కడ.
పేరుకే పూలు, వాసన మాత్రం చేపలదే.

నేను కనజావాలో కట్టుడుపళ్లు చేస్తాను.
వారమంతా పరాయి నోళ్ల కొలతలు,
మైనం, సున్నం, వేలెడంత ఆకురాయి.
ఆదివారమైతే కెమెరా సంచీ, ఫ్లాస్కు, రెండు జతల మేజోళ్లు.
మూడు గంటల దారి, చివర కురొయి.
పద్నాలుగేళ్లుగా ఇదే వ్యసనం.
అద్దం మీద ఉప్పు పడితే తుడవకూడదు.
ముందు ఊదాలి, తర్వాత తడిగుడ్డతో అద్దాలి.
ఈ రెండు ముక్కలు నేర్పి ఒక లెన్సు చచ్చిపోయింది.

ఆగస్టులో ఇదే ఊరు ఇంకో ఊరు.
సముద్రం గిన్నెలో నూనెలా కదలక నిలబడుతుంది.
రాత్రి తొమ్మిదికి వీధి మలుపులోంచి దీపం వస్తుంది:
మూడంతస్తుల ఎత్తు, కాగితపు గోడలు,
వాటి మీద సిరాతో మూడే మూడు అక్షరాలు,
ఒక్కోటి మనిషంత.
మోయడానికి ఒకప్పుడు యాభై మంది ఉండేవారట.
నా మొదటి ఫొటోలో ముప్పై ఆరు,
ఇంటికెళ్లి భూతద్దంతో తలలు లెక్కపెట్టాను.
తర్వాత ముప్పై ఒకటి.
ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను.
నా ఆల్బమ్‌లో దీపం ఎత్తు తగ్గలేదు,
దీపం కింద చీకటే
ఏటేటా వెడల్పయింది.

నిరుడు రేవు గోడ మీద స్టాండు నిలబెట్టుకున్నాను.
మలుపులో దీపం వంగుతుంది, నీళ్లలో తలకిందులుగా ఇంకోటి వెలుగుతుంది,
ఆ రెండూ తాకే క్షణం కోసం.
వలలల్లే షిగెనోబు వచ్చాడు, నుదుటికి తువ్వాలు, నోట్లో సారా వాసన.
"నీ ఎత్తెంత?"
"ఐదడుగుల ఆరు."
"చాలు. మూడో దుంగ, ఎడమ పక్క."
"మరి కెమెరా?"
"అవ్వకిచ్చిరా."
ఫుసా అవ్వ దాన్ని
గుమ్మడికాయలా ఒళ్లో పెట్టుకుంది.

దీపం కింద దూరినవాడికి దీపం కనిపించదు.
కనిపించేది ముందువాడి మెడ.
దాని మీద ఒక పుట్టుమచ్చ, ఒక నొప్పిపట్టీ, చెమట.
దుంగ భుజంలోకి దిగింది.
ఎవరో అరిచారు, అందరూ అరిచారు,
ఆ అరుపుల్లో ఒకటి నాదే అని
ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు తెలిసింది.
మలుపు దగ్గర బరువంతా మా వైపుకు ఒరిగింది.
ఆ క్షణాన నీళ్లలో ఏం వెలిగిందో
నన్నడగకండి.

తెల్లవారుజామున అవ్వ కెమెరా తిరిగిచ్చింది.
"నొక్కుతూనే ఉన్నాను నాయనా, టకటకమంది పాపం."
పదకొండు ఫొటోలు.
మూత తీయలేదు.
పదకొండూ నల్లగా, నిగనిగలాడుతూ.
తుడిచేద్దామని వేలు పెట్టి
తీసేశాను.
నేనున్న చోటి నుంచి చూస్తే
ఆమె తీసింది తప్పేం కాదు.

భుజం మీద మచ్చ ఊదాగా లేచింది,
పచ్చగా మారింది, పసుపుగా పాలిపోయింది.
పళ్లు అరగదీస్తున్నప్పుడల్లా సలిపేది.
పద్దెనిమిదో రోజు అద్దంలో వెతికితే లేదు.
దాచుకోవడానికి వీల్లేని రంగులు,
ఏ కాగితం మీదా ఇంత నమ్మకంగా పడలేదు.

మళ్లీ జనవరి. అదే రాయి మీద నిలబడ్డాను.
షిగెనోబు స్కూటరు మీద పోతూ నెమ్మదించాడు.
ఫొటోలెలా వచ్చాయని అడగలేదు.
హ్యాండిల్ వదిలి, తన ఎడమ భుజం మీద
రెండుసార్లు తట్టుకుని వెళ్లిపోయాడు.
గాలి తిరిగింది.
ఒక నురగముద్ద ఎగిరొచ్చి అద్దానికి అతుక్కుంది.
ఊదాను.