నాలిక కూలి

వంటింటి ఉత్తరం గోడ
మొదట పొక్కింది.
తరవాత పెచ్చు ఊడి పప్పు గిన్నెలో పడింది.
"ఇవాళ ఉప్పెయ్యక్కర్లేదు" అంది మా ఆవిడ.
అది వేళాకోళం కాదు, ఆఖరి నోటీసు.

పొద్దున్నే ఆరున్నరకి మలికిపురం సెంటర్లో
ఇంకా తెరవని చెప్పుల కొట్టు మెట్ల మీద
తాపీలూ గమేళాలూ పక్కన పెట్టుకుని
టీ తాగుతున్న పదిమందిలో
ఎవర్ని పిలవాలో తెలీక
చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నవాణ్ణి పిలిచాను.
పేరు యేసుపాదం.
"చిన్న పనే, గంటలో అయిపోద్ది" అన్నాను.
"గంట పనికి ఎవరూ రారండి. రోజు చెప్పండి.
మేస్త్రికి తొమ్మిదొందలు, మనిషికి ఐదొందలు."
మనిషి అంటే వెనక నిలబడ్డ నూకరత్నం.
మేస్త్రి మనిషి కాడా అని అడగబోయి
బేరంలో పడి మర్చిపోయాను.

అతను గోడని చూడలేదు, విన్నాడు.
వేలి కణుపుతో తట్టుకుంటూ పోయాడు,
గట్టి, గట్టి, గట్టి,
బోలు.
బోలు మోగిన చోటల్లా బొగ్గుతో గీశాడు.
గీత చుట్టూ తిరిగొచ్చి కలిసేసరికి
గోడ మీద ఒక లంక తేలింది.
అందులో నా గంట పనికి చోటు లేదు.

సుత్తి వేస్తే పెచ్చులు కాదు, పిండి రాలింది.
నూకరత్నం వంగి
చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది,
కూర దించబోయే ముందు చూసినట్టు.
దొడ్డి వైపు తుపుక్కున ఉమ్మి
"బోరునీళ్లండి" అంది.
"ఇసక మంచిదే, గోదారి ఇసకే. సిమెంటూ తగ్గించలేదు.
కాలవలు కట్టేసినప్పుడు పూసుంటారండి ఈ గోడ."

నిజమే, కట్టేశారు.
పందొమ్మిదేళ్ల కిందటి మే నెల.
మా వీధి చివర కాలవలో గుర్రపుడెక్క ఎండిపోయి
పిల్లలు అడుగున క్రికెట్ ఆడారు.
అప్పటి మేస్త్రి, పేరు కూడా గుర్తు లేదు,
తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని అడిగాడు,
"నీరొదిలేదాకా మూడు వారాలు ఆగండి బాబూ."
బావమరిది సెలవు ఆగదు.
ముహూర్తం ఆగదు.
వంటవాళ్లకి బయానా ఇచ్చేశాను.
"నీళ్లు నీళ్లే, కలపవయ్యా" అన్నాను.
కలిపాడు.
పెచ్చు ఊడిన ప్రతిసారీ
వచ్చిన చుట్టాలందరి ముందూ
ఇన్నేళ్లూ అతన్నే తిట్టాను.

ఇప్పుడూ మే నెలే.
కాలవ అడుగు నెర్రెలు తీసి ఉంది.
"ఏం చేద్దారండి?" అన్నాడు యేసుపాదం,
నా మొహం వైపు కాకుండా బక్కెట్టు వైపు చూస్తూ.
వాటర్ ప్లాంటుకి ఫోన్ చేశాను.
"పద్నాలుగు టిన్నులా? పెళ్లాండి?"
"గోడకి."
అటువైపు కాసేపు మాట లేదు.

తాగే నీళ్లు సిమెంట్లో పోస్తుంటే
మా ఆవిడ గుమ్మంలో నిలబడి
ఖాళీ టిన్నులు లెక్కపెట్టింది.
మాలు గోడకి కొట్టిన చప్పుడు,
బద్ద లాగిన చప్పుడు,
మధ్యలో నూకరత్నం గాజుల చప్పుడు.
నాలుగున్నరకి లంక మునిగింది.
"పది రోజులు తడపండి, రెండు పూటలా.
ఈ నీళ్లతోనేనండి ఆయ్.
బోరుతో తడిపారంటే మళ్లీ నన్నే పిలవాల."

డబ్బులిచ్చాను. తొమ్మిది, ఐదు.
నూకరత్నం ఐదు నోట్లూ కొంగున ముడేసి
మెట్లు దిగుతూ నవ్వింది,
"మరి నాలిక్కి కూలేదండీ?"
నేనూ నవ్వాను.
వాళ్ల ఆటో మలుపు తిరిగాక గానీ తెలీలేదు,
ఆవిడ అడిగిందని.

రెండు పూటలా చెంబుతో చిలకరిస్తున్నాను.
గోడకి ఇంత దాహమని
ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు,
చెప్పినవాడి మాట నేను వినలేదు.

ఎదురు గోడకి ఎరువుల కంపెనీ క్యాలెండరు ఉంది.
నిన్న రాత్రి దాని మేకు సర్దుతూ
వేలి కణుపు గోడ దాకా తీసుకెళ్లి
మళ్లీ దించేశాను.