గీత పడ్డ చోట

వల్పరైసో రేవు నుంచి మా కొండకి
మెట్లు నూట అరవై రెండు.
అమ్మ కొట్టు సరిగ్గా సగం దారిలో.
దిగేవాళ్ళు ఒక గుక్క కోసం,
ఎక్కేవాళ్ళు ఊపిరి కోసం ఆగేవాళ్ళు.

మూలన పాటల పెట్టె.
నాణెం వేసి మీట నొక్కితే
లోపల ఇనుప చెయ్యి తడుముకుంటూ వెళ్ళి
నల్లటి పళ్ళెం ఒకటి తీసి వడ్డించేది.

ఎనభై అయిదు మార్చి, ఆదివారం, పొద్దుగూకే వేళ
భూమి కదిలింది.
అలమారలోంచి సీసాలన్నీ దూకేశాయి.
పెట్టె మాత్రం నిలబడే ఉంది, పాడుతూనే ఉంది.
ముల్లు ఒక్కసారి ఎగిరి
మళ్ళీ పాటలోనే పడింది.

అప్పటినుంచీ ఏడో మీట పాటకి గీత.
నువ్వెళ్ళిన పొద్దున తలుపు దగ్గర...
టక్.
సముద్రానికేం తెలుసు!
మధ్యలో ఒక పాదం గల్లంతు.

మా వాళ్ళు అలాగే నేర్చుకున్నారు.
ఆ చోటికి రాగానే కొట్టు కొట్టంతా
ఒక్క గుటక మింగి అవతలికి దూకేది.
ఓర్మెసిందా కూతురి పెళ్ళిలో
పైఊరి బాకాల మేళం అదే పాట ఎత్తుకుంటే
మేం ఒక పాదం ముందే ముగించి చప్పట్లు కొట్టేశాం.
పాపం, బాకాలవాళ్ళు
తప్పెక్కడ జరిగిందో తెలీక
బుగ్గలుబ్బించుకుని అలాగే నిలబడిపోయారు.

అక్కడ ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, అంటాడు
క్రేను నడిపే నోల్బెర్తో.
చూడలేదు, గొడుగు మర్చిపోయింది, అంతే,
అంటుంది చేపల ఓర్మెసిందా.
అక్కడొక పేరుంది, అంటాడు మంగలి యెలుతెరియో.
ఎవరి పేరని అడిగితే
గ్లాసులోకి చూస్తాడు.

పందేలు కాశారు. అలిగారు.
ఒక చలికాలమంతా మాటలు మానేశారు.
అమ్మ మాత్రం, పాట ఆ చోటికొచ్చేసరికి,
గ్లాసు తుడుస్తూ ఉండేది.

నాణేలు మారిపోయాయి. పెట్టెకి కొత్తవి మింగుడుపడవు.
పాతవి పదకొండు మిగిలితే కప్పులో దాచాను.
అవే పడతాయి, అవే తీస్తాను,
అవే మళ్ళీ వాళ్ళ చేతుల్లో పెడతాను.

మొన్న శుక్రవారం మంచు దట్టంగా పట్టింది.
నోల్బెర్తో మనవడు యెర్కో ఫోను తీసి
తాతా, గీత లేని పాట దొరికింది, అన్నాడు.
వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు.

నువ్వెళ్ళిన పొద్దున తలుపు దగ్గర
నిలబడ్డాను, బల్ల మీద రొట్టె చల్లారిపోయింది.

అంతే.
నలభై ఏళ్ళు.
రొట్టె.

ఓర్మెసిందా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.
దూరంగా ఏదో ఓడ మంచులో దారి అడుగుతోంది.
యెలుతెరియో టోపీ పెట్టుకుని, లేచి,
పాడినవాడు తప్పు పాడాడు, అన్నాడు.
ముందు ఎవరూ నవ్వలేదు.
తర్వాత కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు.

కప్పులోంచి ఒక నాణెం తీసి వేశాను.
టక్. అందరూ దూకారు, ఎప్పటిలాగే.
నాకే కాలు జారింది.
ఆ గుంటలో ఇప్పుడు రొట్టె ఉంది.

రాత్రి లెక్క చూసుకుంటుంటే తట్టింది.
అమ్మ ఆ రికార్డు కొన్నది బుధవారం.
భూమి కదిలింది ఆదివారం.
మధ్య పొద్దుటల్లో, కొట్టు తెరవకముందు,
నేల ఊడుస్తూ తనొక్కతే వినేది.
పైగదిలో సగం నిద్రలో నేనూ విన్నాను,
మాటలు కాదు,
చీపురుతో కలిసిపోయిన రాగం.

అంటే అమ్మకి తెలుసు.
బల్లలు గుద్దుకుని వాళ్ళు కొట్లాడుకుంటున్నా
పెదవి విప్పలేదు.
మనిషికొక పాదం చొప్పున
వాళ్ళకి వదిలేసింది.

నిన్న మూసే వేళకి రేవులో కొత్తగా చేరిన కుర్రాడొకడు
అక్కడ ఏముండేదండీ, అని అడిగాడు.
గ్లాసు దీపానికెత్తి చూశాను.
ఇంకా మరక ఉంది.