పిట్ట అదే

మలుపు దగ్గర రెండో గేరు పడేటప్పుడు
చిన్న దగ్గు దగ్గేది.
వినగానే కెటిల్ స్టవ్ మీద పెట్టేదాన్ని.
ఇరవై ఆరేళ్ళు నాకు గడియారం అదే.

అక్టోబరులో పాత ఇంజను పైకి లేచింది,
గొలుసుకు వేలాడుతూ, నూనె కారుతూ,
పద్దెనిమిది వందల సీసీ ఇనుప ముద్ద.
మాల్వెర్న్ కొండ ఎక్కలేక అది ఆవిరి కక్కిన రోజు
మేమిద్దరం గొర్రెల మధ్య కూర్చుని
తడిసిన శాండ్‌విచ్‌లు తిన్నాం,
దాని చలవే.

కొత్తది తుక్కు దుకాణం నుంచి వచ్చింది.
ఏ బ్యాంకు మేనేజరునో మోసి మోసి అలిసిన రోవర్ కారుది.
ఎనిమిది సిలిండర్లు, మూడున్నర లీటర్లు.
"పాతదానికన్నా తేలికే హెస్టర్, అంతా అల్యూమినియం"
అంటూ లియోనెల్ నన్నో అంచు పట్టుకోమన్నాడు.
నేను నమ్మాను. నా నడుం నమ్మలేదు.

చలికాలమంతా గ్యారేజీలో సుత్తి దెబ్బలు.
స్టీరింగ్ కడ్డీకి దారి చాలలేదు,
ఎగ్జాస్ట్ గొట్టాలకు చోటు చాలలేదు,
నా కేకు ట్రే ఒకటి
కొలతకని వెళ్ళి తిరిగి రాలేదు.
వెల్డింగ్ నీలి వెలుగు తన పరదాల మీద పడితే
పక్కింటి మిసెస్ ప్రాథెరో అడిగింది,
"డెబ్బై మూడేళ్ళకు ఎక్కడికండీ ఈ తొందర?"
ఆయన ముసుగు పైకెత్తి,
"తొందరేం లేదు. ఆ కొండ నాకు బాకీ."

మార్చిలో ఒక ఆదివారం వాన వెలిసింది. వెళ్ళాడు.
బంగాళాదుంపల చెక్కు తీస్తూ
చెవి సందు చివర పెట్టుకు కూర్చున్నాను.
దగ్గు వినపడలేదు.
ఏదో బరువైన గొంతు ఇటు తిరిగింది,
సొరుగులో చెంచాలు కదిలాయి.
ఎవరో పరాయివాళ్ళనుకున్నాను.

గుమ్మంలో ఆయన.
గాలికి ఎర్రబడ్డ ముక్కు, చెవులదాకా నవ్వు.
"మూడో గేరులోనే అయిపోయింది కొండ,
గొర్రెల్ని చూసే వ్యవధే లేదు!"
తర్వాత స్టవ్ వైపు చూసి, కాస్త చిన్నబోయి,
"టీ పెట్టలేదేం?"

పిట్ట అదే. కూత కొత్తది.
నేర్చుకోవాలి నేను.

పాతది ఇంకా గ్యారేజీ మూల
రెండు చెక్కదుంగల మీద
నా పాత కోటు కప్పుకుని ఉంది.
అమ్ముతాననడు. నేనూ అడగను.
మొన్న ఆయన లేనప్పుడు వెళ్ళి
కోటు తొలగించి చెయ్యి వేశాను.
చల్లగా ఉంది.
వేలికంటిన నూనె
రెండుసార్లు సబ్బు పెట్టినా పోలేదు.